మిగులు నీళ్లు

కళ్లద్దాల షాపావిడను కౌన్సిల్‌కి ఎన్నుకున్నప్పుడు వార్డు జనం అనుకున్నది ఒకటే. ఈవిడ నెమ్మదస్తురాలు, ఎవరి జోలికీ పోదు, వీధి దీపాలు వెలిగించి మురుగుకాలవలు తీయిస్తే చాలు. ఆవిడ కూడా అంతకు మించి ఏమీ అనుకోలేదు. ఊరందరి గొంతు తడిపే నీళ్ల సంగతి ఒకరోజు తన ఒక్క చేతి మీదే ఆధారపడుతుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే, ఆ పదవేదో మీ దగ్గరే ఉంచుకోండి బాబూ అని దండం పెట్టి షట్టరు దించేసేది.

ఇంతకీ సంగతేమిటంటే, ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. ఊరి రిజర్వాయరు నిండింది, నిండి పొర్లింది, పొర్లిన నీళ్లు పిల్లకాలవ పట్టుకుని ఎవరికీ కాకుండా పోతున్నాయి. కొండకు అవతలి ఊళ్లో మాత్రం చినుకు లేదు. మొహం చూసి బొట్టు పెట్టే బుద్ధి వానకు కూడా ఉంటుంది కాబోలు! ఆ ఊరి పెద్దలు నలుగురు వచ్చి, మీకు మిగిలిన నీళ్లు మాకు అమ్మండి, ఊరికే ఇవ్వమనడం లేదు అన్నారు. ఎప్పుడో వేసి వదిలేసిన గొట్టం కొండ పక్కనుంచి ఉండనే ఉంది. వాల్వు తిప్పడమే తరువాయి. అమ్మాలా వద్దా అన్న దగ్గర కౌన్సిల్ నిట్టనిలువునా చీలిపోయింది. సగం మంది అటు, సగం మంది ఇటు, మధ్యలో మన కళ్లద్దాలావిడ.

ఆ అవతలి ఊళ్లోనే ఆవిడ చెల్లెలు ఉంది.

చెల్లెలి మొగుడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి. ఆ మిషన్లకు నీళ్లు ఎన్ని పోసినా చాలవు. అక్కడి క్లినిక్ ట్యాంకర్లు తెప్పించుకుని కొన్నాళ్లు లాక్కొచ్చింది, ఆ తర్వాత మూడుసార్లను రెండుసార్లు చేసింది, ఇప్పుడేమో నెలాఖరు దాటితే మూసేయడం తప్ప దారి లేదని చెప్పేసింది. మరిదిని ఇవతలి ఊరి ఆసుపత్రిలో చేర్పిద్దామని కళ్లద్దాలావిడ తనే వెళ్లి అడిగి వచ్చింది. "మా ఊరివాళ్లకే మంచాలు చాలడం లేదమ్మా, ఖాళీ అయితే కబురు చేస్తాం" అన్నారు. ఖాళీ అవడమంటే ఏమిటో ఆవిడకు మెట్లు దిగుతుండగా తట్టింది.

చెల్లెలు రోజూ ఫోన్ చేస్తుంది. లోకంలో సంగతులన్నీ మాట్లాడుతుంది, ఒక్క నీళ్ల సంగతి తప్ప.

"ఎలా ఉన్నాడే అతను?"

"బాగానే ఉన్నారక్కా. కాళ్లు కాస్త వాచాయి, అంతే."

"కాస్తంటే?"

"చెప్పులు పట్టడం లేదు. పట్టీలు కోసి ఇచ్చాన్లే."

ఇంతే! అక్కా, నీ ఓటు ఎటు వేస్తున్నావని గానీ, మా గతేమిటని గానీ ఒక్క ముక్క అడగదు. అడిగితే బాగుండు, ఆ వంకనైనా నాలుగు చివాట్లు పెట్టి మనసు తేలిక చేసుకునేది. అడగని మనిషిని ఏమని కోప్పడుతుంది? అమ్మడానికే చెయ్యెత్తుతానని మనసులో ఖాయం చేసుకుంది. చేసుకుంది గానీ, పైకి మాత్రం ఎవరికీ చెప్పే ధైర్యం లేదు.

ఎలా ఉంటుంది? షాపులో కూర్చుంటే చాలు, వచ్చినవాళ్లంతా అదే పాట. పాత పోస్టుమాస్టరు గారి కళ్లు పరీక్ష చేస్తూ, ఒక కన్ను మూసి, బరువైన ఇనుప ఫ్రేము ముక్కు మీద పెట్టి, "ఆ కింది వరుస చదవండి బాబాయిగారూ" అంది.

"అక్షరాలెక్కడికీ పోవు. ముందు నువ్వు చెప్పు. మన నీళ్లు అమ్ముతావా?"

"అవి పొర్లిపోతున్న నీళ్లండీ."

"ఈ ఏడు పొర్లుతాయి. పై ఏడు? ఎండిన ఏడు నువ్వు చిన్నదానివి, నీకేం తెలుసు?" అని ఆయన ఒంటి కన్నుతో గుడ్లురిమాడు. నవ్వు రావలసిన మొహమే గానీ ఆవిడకు నవ్వు రాలేదు.

ఎండిన ఏడంటే ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. రిజర్వాయరు అడుగు బీటలు తీసి, మనుషులు ట్యాంకరు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్న ఏడాది అది. అది గడిచి ఎంతకాలమైనా దాని భయం మాత్రం ఊరిని వదల్లేదు. అక్కడివాళ్లకు అదొక అలవాటైపోయింది. తుఫాను వస్తుందన్నా, బస్సులు బందన్నా, ఎన్నికలన్నా, ఆఖరికి పక్కింట్లో గొడవైనా సరే, ముందుగా వెళ్లి కుళాయి తిప్పుతారు. నాలుగు బకెట్లు నిండితే గానీ గుండె కుదుటపడదు. వేరే ఊరివాళ్లు చూస్తే నవ్విపోతారు. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు అది ఊపిరి పీల్చుకోవడమంత మామూలు.

కళ్లద్దాలావిడ కూడా ఆ ఊరి మనిషేగా! మీటింగు గురువారం. మంగళవారం పొద్దున టీ తాగుతూ ఉంటే ఆవిడకు ఉన్నట్టుండి ఒక దిగులు పట్టుకుంది. నేను చెయ్యెత్తాక నిజంగానే నీళ్లు తగ్గితే? జనం సంగతి సరే, ఇంట్లో ముసలి అత్తగారితో ఎలా గడుస్తుంది? అంతే, నోరు జారింది.

"అత్తయ్యా, ఎందుకైనా మంచిది, మేడ మీద ట్యాంకు నిండా పట్టేయండి. రెండు మూడు బకెట్లు కూడా."

అత్తగారు గిన్నెలు తోముతున్నదల్లా ఆగింది. "ఏం, నీళ్లు ఆగిపోతాయా?"

"అబ్బే, ఆగవు. ఎందుకైనా మంచిదని అంటున్నాను. ఎవరితోనూ అనకండి సుమా."

"నేనెందుకంటానమ్మాయ్! నా నోటి సంగతి నీకు తెలియదూ?"

తెలుసు కాబట్టే ఆవిడ అంత గట్టిగా చెప్పింది. న్యాయంగా చెప్పుకోవాలంటే అత్తగారు మాట తప్పలేదు. ఒక్క పిట్టకు కూడా చెప్పలేదు. ట్యాంకు నింపింది, బకెట్లు నింపింది, కుక్కరు నింపింది, పూలకుండీలు కడిగి నింపింది, మనవలు ఎప్పుడో ఈతాడుకున్న రబ్బరు తొట్టికి గాలి కొట్టి మరీ నింపింది. ఇంట్లో నింపడానికి ఇంకేమీ మిగలక, పక్కింటికి వెళ్లి వాళ్ల పెద్ద తొట్టి ఓసారి ఇమ్మంది.

"దేనికండీ పెద్దమ్మగారూ?" అంది పక్కింటి కోడలు.

"ఊరికే."

నీళ్ల మీద ఓటు వేయబోయే కౌన్సిలర్ అత్తగారు, ఓటుకు రెండు రోజుల ముందు, తొట్టి అరువడిగి, ఊరికే అంటే ఎవరు ఊరుకుంటారు చెప్పండి? పక్కింటి కోడలు తొట్టి ఇవ్వలేదు సరికదా, తనే కుళాయి కింద పెట్టుకుంది. ఆవిడ తొట్టి చూసి ఎదురింటివాళ్లు మోటారు వేశారు. మధ్యాహ్నానికి వీధి, సాయంత్రానికి వార్డు, చీకటి పడేలోగా ఊరు! ఎక్కడ చూసినా మోటార్ల రొద. ఒకాయన కారు డిక్కీలో ప్లాస్టిక్ పట్టా పరిచి నీళ్లు పోశాడు. డ్రమ్ములాయన షాపులో డ్రమ్ములు అయిపోతే, ఆయన లారీ వేసి ఇంకా తెప్పించాడు. ఈ డ్రమ్ములాయనే కౌన్సిల్‌లో ఒక్క చుక్క బయటికి పోనివ్వనని రొమ్ము చరుచుకుంటున్న పెద్దమనిషి. ఆయన భక్తిలో కల్తీ లేదు, వ్యాపారంలోనూ లేదు.

కళ్లద్దాలావిడ షాపు కట్టేసి ఇంటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర్నుంచి కాలు పెట్టే చోటు లేదు. మొగుడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు, ఎప్పుడూ తొణకడు. తువ్వాలు భుజాన వేసుకుని స్నానాలగది ముందు నిలబడి ఉన్నాడు.

"స్నానానికి నీళ్లున్నాయోయ్. నిలబడ్డానికే చోటు లేదు."

"అత్తయ్యా! ఎవరికీ చెప్పొద్దన్నానా?"

"ఎవరికి చెప్పానమ్మాయ్? తొట్టి అడిగాను, అంతేగా! తొట్టి అడగొద్దని నువ్వు చెప్పావా?"

ఆవిడ తల పట్టుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు జరగాల్సిందే జరిగింది. ఊరు ఊరంతా ఒక్క పూటలో పట్టుకుంటే ఓవర్‌హెడ్ ట్యాంకులు ఏమవుతాయి? ఖాళీ అయ్యాయి. రిజర్వాయరులో నీళ్లు దండిగా ఉన్నాయి గానీ, శుద్ధి చేసి ట్యాంకుల్లోకి ఎక్కించడానికి టైము పట్టదూ? మిట్ట వీధుల్లో కుళాయిలు తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. పది గంటలకల్లా ఆడవాళ్లు ఖాళీ బకెట్లు పట్టుకుని షాపు ముందు గుమిగూడారు. టీవీవాళ్లు కూడా వచ్చారు.

"ఇంకా అమ్మకముందే ఇలా ఉంటే, అమ్మాక మా బతుకేమిటమ్మా?" అని ఒకావిడ నిలదీసింది. ఆవిడ ఇంటి మెట్ల మీద మూడు డ్రమ్ములు నిండి మూత పడకుండా ఉండడం కళ్లద్దాలావిడ పొద్దునే చూసింది. ఖాళీ బకెట్టు చూపించేందుకు తెచ్చుకున్నదే. అయినా ఏమని అంటుంది? తన ఇంట్లో కుక్కరు నిండా నీళ్లు పెట్టుకుని!

"కంగారు పడకండి, ఇంజనీరు గారితో మాట్లాడతాను" అని మాత్రం అంది. ఆ మాట తన చెవులకే చప్పగా వినిపించింది.

ఆ సాయంత్రం మొగుడు చెప్పాడు. "రేపు లేచి చెప్పేయ్. మా ఇంట్లోనే మొదలైంది, రిజర్వాయరుకేం కాలేదు అని. నవ్వుతారు. నవ్వితే నవ్వనీ."

"నవ్వరండీ, కొడతారు. చెల్లెలి కోసమే కట్టుకథలు చెబుతున్నానంటారు."

"అనుకోనీ. అతని కాళ్లు చూశావుగా పోయిన వారం."

చూసింది. వేలితో నొక్కితే గుంట పడి, ఎంతసేపటికీ లేవని కాళ్లు. ఆవిడకు ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. పొద్దున లేచేసరికి మాత్రం, చెబుతాను, ఏమైతే అదవుతుంది అన్న తెగింపు వచ్చింది.

కౌన్సిల్ హాలు కిక్కిరిసిపోయింది. వెనక బెంచీల మీద వీధి ఆడవాళ్లు, వాళ్ల మధ్యలో ఠీవిగా అత్తగారు. బల్ల మీద సభ్యుల కోసం జగ్గుతో నీళ్లు పెట్టారు గానీ, ఆ రోజు ఆ జనం ముందు గ్లాసు ముట్టుకునే దమ్ము ఎవరికీ లేకపోయింది. నీటి సరఫరా ఇంజనీరు లేచి, రిజర్వాయరు ఇప్పటికీ పొర్లుతూనే ఉందని, ఖాళీ అయినవి ఊళ్లో ట్యాంకులేనని, రేపటికి అన్నీ నిండుతాయని విడమరిచి చెప్పాడు. ఎవరి చెవికీ ఎక్కలేదు. "కుళాయి తిప్పి చూపించవయ్యా!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు.

ఇంజనీరు చెమట తుడుచుకున్నాడు. "ఒక్క సాయంత్రంలో ఊరంతా ఇన్నిన్ని నీళ్లు ఎందుకు పట్టుకుందో నాకు అంతుపట్టడం లేదు. ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి."

హాల్లో ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు వెనక బెంచీలో కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. రెండోవారు సభ్యుల బల్ల దగ్గర ఉన్నారు. లేవాలి. నాలుగు మాటలు. మా ఇంట్లోనండీ, నేనేనండీ, భయపడ్డానండీ. చేతులు బల్లకు ఆనించి సగం లేచింది కూడా.

అప్పుడే డ్రమ్ములాయన అందుకున్నాడు. "ఎందుకు పట్టుకున్నారని అడుగుతున్నారా? భయపడి పట్టుకున్నారు! ఈ హాల్లో కొందరికి అవతల చుట్టరికాలున్నాయి. పేర్లు నేను చెప్పను. వాళ్లు చెయ్యెత్తితే అది ఊరికోసమో, ఇంటికోసమో మీరే చూసుకోండి."

తలలన్నీ ఒక్కసారి కళ్లద్దాలావిడ వైపు తిరిగాయి. లేచిన మనిషి ఎలా కూర్చుందో ఆవిడకే తెలియదు. నోట్లో తడి ఆరిపోయింది. ఎదురుగా జగ్గు ఉంది, చెయ్యి చాపలేదు.

ఛైర్మన్ గారు గొడవలంటే పడని మనిషి. ఆయన గొంతు సవరించుకుని, "ఇంత అలజడిలో నిర్ణయాలు వద్దు. మూడు నెలలు వాయిదా వేద్దాం. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

వాయిదా! అదెంత మెత్తటి మాటో చూడండి. కాదని అన్నట్టూ కాదు, ఔనని అన్నట్టూ కాదు. ఎవరికీ కోపం రాదు, ఎవరినీ ఏమీ ఒప్పుకోమనదు. మూడు నెలలేగా, ఈలోగా క్లినిక్‌వాళ్లు ఏదో తంటాలు పడకపోతారా, పైగా నేను వద్దనలేదు కదా అని ఆవిడ తనకు తాను చెప్పుకుంది. నెలాఖరు ఎప్పుడో ఆవిడకు తెలియక కాదు. చెయ్యి పైకి లేచింది. లెక్కపెట్టారు. ఆ ఒక్క చేతితోనే వాయిదా గట్టెక్కింది.

హాలంతా చప్పట్లు. అందరికంటే ఎక్కువగా అత్తగారు కొట్టింది. "మా కోడలండీ!" అని పక్కవాళ్లకు చెప్పడం ముందు బల్ల దాకా వినిపించింది. బయట డ్రమ్ములాయన ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. "నేనన్నది మనసులో పెట్టుకోకమ్మా. నువ్వు మన ఊరి ఆడపడుచువు అనిపించుకున్నావు" అన్నాడు. ఆ చెయ్యి విదిలించి కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆవిడకు. కలిపి, తల ఊపి వచ్చేసింది.

ఇంటి దగ్గర మొగుడు ఆవిడ మొహం చూసి, ఒక బకెట్టు పక్కకు జరిపి కుర్చీ వేశాడు. చెల్లెలికి తనే ఫోన్ చేయాలి. ఏమని చేయాలి? వాయిదా పడిందే అంటే, ఎవరి వల్ల అని అడగదు. అడగకపోయినా చెప్పకుండా ఎలా? ఫోన్ తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. ఇంతలో అదే మోగింది. చెల్లెలు.

"అక్కా! మీరంతా ఎలా ఉన్నారు?"

ఆ గొంతులో కంగారు వినగానే ఆవిడ కుర్చీ అంచుకు జరిగింది. "ఏమైందే? అతనికేమైనా..."

"ఆయనకేం కాలేదు. మీ సంగతి చెప్పు ముందు. టీవీలో చూశామక్కా, మీ వీధిలో కుళాయిలు ఎండిపోయాయట కదా! నీ షాపు ముందు అందరూ ఖాళీ బకెట్లతో... నువ్వు కూడా కనపడ్డావు, మొహం ఎంత పీక్కుపోయిందో! ఇంత జరుగుతుంటే నాకొక్క మాట చెప్పవేం?"

ఆవిడ చుట్టూ నిండిన బకెట్ల వైపు చూసింది.

"వాయిదా పడిందని ఇప్పుడే చెప్పారు. దాని గురించి నువ్వేం మనసు కష్టపెట్టుకోకు. మీకే లేకపోతే మాకెక్కడినుంచి తెచ్చిస్తారు? ఆయన కూడా అదే అన్నారు, పాపం మీ అక్క ఎంత నలిగిపోయిందో అని. ఇదిగో విను, రేపు పొద్దున మా వీధికి ట్యాంకరు వస్తుంది. రెండు క్యాన్లు పట్టి మొదటి బస్సులో వేయిస్తాను. కండక్టరు తెలిసినవాడే. తాగడానికైనా అక్కరకొస్తాయి. మీ అత్తగారు పెద్దావిడ, ఆవిడ ఎక్కడ ఇబ్బంది పడుతుందో అని నాకు..."

"వద్దే."

"మొహమాటం నాదగ్గరా? మేమెలాగో సర్దుకుంటాం. నాలుగు రోజులకి మళ్లీ వస్తుంది ట్యాంకరు."

"వద్దని చెబుతున్నానా!" అరిచినట్టే అంది. వంటింట్లోంచి అత్తగారు తొంగి చూసింది. కళ్లద్దాలావిడ కుర్చీలోంచి జారి బకెట్ల మధ్య నేల మీద కూర్చుండిపోయింది. "నీళ్లున్నాయే మాకు. ఇంట్లో నడవడానికి చోటు లేనన్ని ఉన్నాయి. ముందు పట్టించింది నేనే. మా ఇంటిని చూసి వీధి, వీధిని చూసి ఊరు. అందుకే కుళాయిలు ఎండాయి. రిజర్వాయరు పొర్లుతోందే ఇప్పటికీ. ఇదంతా నాకు తెలుసు. అందరూ నావైపు చూస్తుంటే భయమేసింది. తెలిసి తెలిసీ వాయిదాకి చెయ్యెత్తాను."

ఫోన్ కట్టయిందేమోనని చూసింది. కాలేదు. ఊపిరి వినిపిస్తోంది. ఏదైనా అనవే, తిట్టవే అని మనసులో వేడుకుంది. అంతలో అవతల గదిలోంచి మరిది గొంతు వినపడింది, కాస్త ఆయాసంతో.

"క్యాన్లు రెండూ కడిగేశాను. వాటి మూతలెక్కడ పెట్టావ్?"

"అక్కర్లేదట లెండి" అంది చెల్లెలు మెల్లగా, ఆయనతో. "వాళ్లకి ఉన్నాయట."